గీతల వరసలో మన చరిత్ర

క్రీ.శ. 639 ప్రాంతంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చాడు. వేంగిని చూశాడు. ధాన్యకటకంలో కొన్ని నెలలుండి బౌద్ధ శాస్త్రాలు చదువుకున్నాడు. స్వదేశం చేరాక 646లో పూర్తయిన ‘సియూకి’లో ఇక్కడి నేల సారం, ఎండ వేడి, జనం తీరుతో పాటు మన రాతనూ ప్రస్తావించాడు. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకు వేరని, అక్షరాల రూపం మాత్రం దాదాపు ఒకటేనని దాని సారాంశం. తూర్పు చాళుక్యుల తొలినాళ్లలో తెలుగునాట రాత ఎలా ఉండేదో చెప్పే అరుదైన విదేశీ సాక్ష్యమిది. అది చైనా అక్షరాల్లో ఉంది.

ఆ అక్షరాలు దిద్దే చోటు సికింద్రాబాద్‌కు పక్కనే, తార్నాకలో ఉంది. ఆంగ్ల బోధన కోసం 1958లో ఏర్పడిన సంస్థ 1972లో విదేశీ భాషలనూ కలుపుకుని సీఫెల్ అయింది. 2007 నుంచి ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం. అక్కడ నేర్పే భాషల్లో చైనా భాష ఒకటి.

చైనా రాతలో తొలి పాఠం గీతల వరస. పై గీత తర్వాతే కింది గీత, ఎడమ భాగం తర్వాతే కుడి భాగం. ‘పది’కి గుర్తు కూడిక గుర్తులా ఉంటుంది, అందులో అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత. ‘మనిషి’లో ఎడమకు వాలే గీత ముందు, కుడికి వాలేది తర్వాత. ‘దేశం’ అనే అక్షరానికి చుట్టూ చట్రం గీసి, లోపలిది నింపి, చివరగా అడుగు గీతతో మూస్తారు. ‘చిన్న’ అనే అక్షరంలో మాత్రం నడిమి గీత మొదట, పక్కవి తర్వాత.

ఈ వరసను పెంచి పోషించింది కుంచె. మన లిపి గుండ్రదనానికి తాటాకు, గంటం కారణమంటారు. చైనాలో సన్నని వెదురు బద్దల మీద, ఆ తర్వాత కాగితం మీద పైనుంచి కిందికి రాశారు. చెయ్యి తడబడకుండా, సిరా అలుక్కోకుండా ఒక గీత నుంచి మరో గీతకు సాగే దారే క్రమంగా వరస అయింది. 4వ శతాబ్దానికి చెందిన వాంగ్ శీఝీని చైనీయులు చేతిరాతకు గురుపీఠంగా కొలుస్తారు. ఆయన 353లో రాసిన సుప్రసిద్ధ పీఠిక ‘యుంగ్’ అనే అక్షరంతో మొదలవుతుంది. ఎనిమిది రకాల కుంచె కదలికలను నేర్పడానికి తరతరాలుగా వాడుతున్నది ఆ అక్షరాన్నే.

వాంగ్ శీఝీకీ, మన నేల మీద నడిచిన యాత్రికుడికీ ఒక శిల ముడివేసింది. హ్యూయన్ త్సాంగ్ అనువాదాలకు తైజుంగ్ చక్రవర్తి పీఠిక రాశాడు. వాంగ్ శీఝీ రాతల్లోంచి ఒక్కో అక్షరాన్నీ ఏరి, ఆ పీఠికను కూర్చి, 672లో శిలపై చెక్కారు. షియాన్‌లో ఉన్న ఆ శాసనం రాత నేర్చుకునేవారికి ఇప్పటికీ ఒరవడి. అందులో చాలా అక్షరాలు గొలుసుకట్టుగా సాగుతాయి. కుంచె ఏ గీత ముగించి ఏ గీతకు దూకిందో తెలిసినవారికే ఆ కలయికలు విడివడతాయి. వరస తెలియని కంటికి అవి అల్లిబిల్లి గీతలు.

నిఘంటువుకూ ఈ లెక్కే కావాలి. 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువు 47 వేలకు పైగా అక్షరాలను 214 మూలరూపాల కింద, గీతల సంఖ్యను బట్టి అమర్చింది. ఎక్కడ ఒక గీత ముగిసి ఇంకొకటి మొదలవుతుందో తెలియకపోతే వెతకడం కష్టం.

వరస అన్నిచోట్లా ఒకటి కాదు. ‘రాజు’ అక్షరంలో చైనావారు పైనున్న రెండు అడ్డగీతలు వేశాక నిలువుగీత గీస్తారు. జపాన్‌వారు మొదటి అడ్డగీత కాగానే నిలువుకు దిగుతారు. జపాన్ విద్యాశాఖ 1958లో, చైనా 1997లో వరసలకు ప్రమాణాలు ప్రకటించాయి. ఆ 1997 నాటి చైనా ప్రమాణంలో 7,000 అక్షరాలుండేవి. బడిపిల్లలు ఎర్రగా అచ్చేసిన అక్షరాల మీద దిద్దుతారు. పలక మీద ‘అ ఆ’లు దిద్దిన మనకు ఆ సాధన కొత్తదేమీ కాదు.

అయితే ఇప్పుడు విద్యార్థులు సాధారణంగా నేర్చుకునేవి 1956 నుంచి సరళం చేసిన రూపాలు. ‘సియూకి’ ఉన్నది పాత రూపాల్లో. నాగార్జునుడి పేరుమీద ఉన్న మహాప్రజ్ఞాపారమితా శాస్త్రం కూడా సంస్కృతంలో మిగల్లేదు. 5వ శతాబ్ది ఆరంభంలో కుమారజీవుడు చేసిన చైనా పాఠంలోనే నిలిచింది. వీటిని మనం ఇంతకాలం ఎక్కువగా ఆంగ్ల అనువాదాల మీదుగానే తెలుసుకున్నాం. ఇవాళ చైనా అక్షరాలు దిద్దుతున్న తెలుగు విద్యార్థుల్లో పదిమందైనా పాత రూపాల దాకా వెళ్లాలి. గీతల సంఖ్య పెరిగినా, పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి అనే పద్ధతి మారదు. చేతికి పట్టుబడిన వరస అక్కడా పనికొస్తుంది. మన చరిత్ర విభాగాలు అలాంటి విద్యార్థులను పిలిచి పని అప్పగిస్తే, వేంగి గురించీ ధాన్యకటకం గురించీ ఆ యాత్రికుడు రాసినది మూలం నుంచి నేరుగా తెలుగులోకి వస్తుంది.