కళింగ కొండల్లో ఏనుగులు

కళింగ ఏనుగుల పేరు చాలా పాతది. ఏనుగుల్లో కళింగ, అంగ దేశాలవే మేలైనవని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతోంది. ఒడిశాను ఏలిన రాజుల్లో కొందరు గజపతి బిరుదు ధరించారు. విజయనగరం పూసపాటి వారి పేర్లలోనూ ఆ బిరుదు నిలిచింది.

బిరుదులు మిగిలాయి గాని, ఉత్తరాంధ్ర అడవుల్లో ఏనుగు చాలాకాలం కనబడలేదు. 2007 నాటికి ఒడిశా గజపతి జిల్లాలోని లఖారీ లోయ నుంచి గుంపులు శ్రీకాకుళం, విజయనగరం ఏజెన్సీలోకి దిగాయి. 2018లో మరో గుంపు వచ్చింది. కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస మండలాల్లో వరి, అరటి, చెరకు పంటలను తొక్కి పాడుచేశాయి. మనుషుల ప్రాణాలూ పోయాయి. నష్టం రెండు వైపులా ఉంది. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి. ఇంత విషాదం జరగవలసింది కాదు.

జీపెక్కి అడవి ఏనుగులను చూడాలంటే కర్ణాటకలోని నాగరహొళె, బండీపూర్ వంటి చోట్లకు పోవాలి. అక్కడ అడవి విశాలం, సఫారీ దారులు నిర్ణీతం. మన్యంలో గుంపు తిరిగేది పొలాల మధ్య, ఊళ్ల పక్కన. అక్కడ బండ్లతో, సెల్‌ఫోన్లతో వెంటపడితే బెదిరిన ఏనుగు ఊరి మీదికి తిరుగుతుంది. చూడాలన్న కోరిక ఎంత ఉన్నా, ఆ గుంపుకు దూరంగా ఉండండి.