వెంటాడుటను కొలుచుట యెట్లు?



ఒకడు మరియొకరి వెనుక నడచుట నేరము కాదు. జాబు వ్రాయుటయు నేరము కాదు. కాని వలదన్న పిమ్మట నెలల తరబడి నడచినను, వ్రాసినను అది పీడయగును. విడివిడిగా చూచిన ప్రతి పనియు స్వల్పమే, కూడినప్పుడే ఘోరము. అందుచేతనే శాసనకర్తల కన్నులకిది చిరకాలము కానరాలేదు. 1989లో అమెరికాలో ఒక యువనటిని, ఏండ్లకొలది ఆమెపై వ్యామోహము పెంచుకొన్నవాడొకడు ఇంటివాకిటనే కాల్చి చంపెను. మరుసటి యేట కాలిఫోర్నియా రాష్ట్రము వెంటాడుటను ప్రత్యేకాపరాధముగా శాసించెను. ఆ దేశమున నిట్టి శాసనములలో అదియే మొదటిది.

ఈ పీడ యెందరికి కలుగుచున్నది? 1995, 1996 సంవత్సరములలో అచ్చటి పరిశోధకులు 8,000 మంది స్త్రీలను, 8,000 మంది పురుషులను టెలిఫోనులో ప్రశ్నించిరి. "మిమ్ము వెంటాడిరా?" అని వారడుగలేదు, ఆ మాటను ఒక్కొక్కరొక్కొక్క రీతి గ్రహింతురు గదా! "మీ వెనుక నడచిరా? ఇంటియెదుట కాచియుండిరా? వలదన్నను జాబులు పంపిరా? ఒకే మనిషి ఒకటికంటె నెక్కువ మారులు చేసెనా? భయపడితిరా?" అని యడిగిరి. మిక్కిలి భయపడినవారిని, దేహహానికి వెఱచినవారిని మాత్రమే లెక్కింపగా, జీవితమున నెప్పుడో యొకప్పుడు ఈ పీడ పడినవారు స్త్రీలలో నూటికి 8 మంది, పురుషులలో ఇద్దరు. కొంచెము భయపడినవారిని గూడ చేర్చగా, స్త్రీలు 12 మంది, పురుషులు నలుగురైరి. ధాన్యమదియే, జల్లెడ కన్ను మారినది.

మన దేశమున 2013లో శిక్షాస్మృతియందు చేరిన 354-డి సెక్షను జల్లెడ వేరు. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షనుగా నున్నది. అందు భయపు ప్రసక్తి లేదు. స్త్రీ తన అయిష్టమును స్పష్టముగ దెలిపినను పురుషుడు మరల మరల వెంబడించి పరిచయమునకు యత్నించిన, అదియే నేరము. మొదటి తప్పునకు మూడేండ్ల వరకు శిక్ష గలదు.

నేను ఉపాధ్యాయుడనై యుండగా ఒక బాలిక, దారిలో నొకడు దినదినము కాచియుండుననెను. "నిన్ను ముట్టెనా?" అంటిని. లేదనెను. "అట్లయిన భయమేల?" అని పంపివేసితిని. ఆమె మరల బడికి రాలేదు. నేనడిగిన ప్రశ్నయే తప్పు. "ఎన్ని మారులు? వలదని తెలిపితివా? ఎంత భయపడితివి?" అని యడుగవలసియుండెను. రచ్చబండ యొద్దకు రేపొక బిడ్డ వచ్చిన, మీరైన నట్లడుగుడు.