దిగుబడి నుండి వ్యర్థం వైపు: ప్రయోగశాల బోధనలో హరిత రసాయన కొలమానాలు

డిగ్రీ స్థాయి కర్బన రసాయన ప్రయోగశాలలో విద్యార్థి నైపుణ్యానికి చిరకాలంగా ప్రధాన కొలమానం దిగుబడి శాతం. సిద్ధాంతరీత్యా రావలసిన ఉత్పన్నంలో ఎంత చేతికందిందో అది చెబుతుంది. సింకులోకి ఎంత పోయిందో చెప్పదు.

ఈ లోపాన్ని పూరించే కొలమానాలు 1990వ దశకంలో రూపొందాయి. 1991లో బారీ ట్రోస్ట్ 'పరమాణు మితవ్యయం' భావనను ప్రతిపాదించారు. క్రియాజనకాల ద్రవ్యరాశిలో కోరిన ఉత్పన్నానికి చేరే భాగమెంత అన్నది దాని ప్రశ్న. 1992లో రోజర్ షెల్డన్ ప్రకటించిన 'ఇ-ఫ్యాక్టర్' కిలో ఉత్పన్నానికి వెలువడే వ్యర్థాన్ని కిలోలలో లెక్కిస్తుంది. 1998లో పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ క్రోడీకరించిన 12 సూత్రాలలో పరమాణు మితవ్యయానిది రెండవ స్థానం. 2004లో ఆరిగాన్ విశ్వవిద్యాలయ అధ్యాపకులు డాక్సీ, హచిసన్‌ల ప్రయోగ గ్రంథం హరిత దృష్టిని నేరుగా విద్యార్థి బల్లపైకి తెచ్చింది.

ఆస్పిరిన్ తయారీ ఇందుకు చక్కని ఉదాహరణ. సాలిసిలిక్ ఆమ్లం అణుభారం 138, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌ది 102; మొత్తం 240. ఉత్పన్నం అణుభారం 180. అనగా దిగుబడి 100 శాతమైనా పరమాణు మితవ్యయం 75 శాతమే. మిగిలినది ఎసిటిక్ ఆమ్లం. అదనంగా వాడిన అన్‌హైడ్రైడ్, పునఃస్ఫటికీకరణ ద్రావణి ఈ లెక్కలోకి రావు. వాటిని ఇ-ఫ్యాక్టర్ పట్టుకుంటుంది.

అయితే రెండూ ద్రవ్యరాశినే తూస్తాయి, విషతుల్యతను కాదు. కనుక ప్రమాద పరిశీలన వీటికి తోడు కావాలి. అంతకన్నా ముఖ్యంగా, మార్కులు దిగుబడికే దక్కినంతకాలం ఈ కొలమానాలు రికార్డు పుస్తకంలో మరో లెక్కగానే మిగులుతాయి. బోధనలో వచ్చిన మార్పు మూల్యాంకనంలోనూ ప్రతిఫలించినప్పుడే ఈ చరిత్రకు సార్థకత.