ప్రశ్న అడిగే చోటు: బెంగళూరు ప్రోగ్రామర్ల బృందాలు, మన అక్షరాలు



కొన్నేళ్ళ క్రితం వ్యాకరణ పాఠానికి ఒక పత్రం తయారు చేస్తూ దంత్య చకారం, అంటే చకారం మీద చిన్న గుర్తు గల ‘ౘ’, టైపు చేయవలసి వచ్చింది. నా కీబోర్డులో అది ఎక్కడా కనబడలేదు. మా తరగతికి పిల్లవాణ్ణి పంపే ఒక తండ్రిని అడిగాను. ఆయన పెద్ద సంస్థలో ప్రోగ్రాములు రాస్తారు. “అటువంటి అక్షరం ఒకటి ఉందని ఇప్పుడే వింటున్నాను మాస్టారూ” అన్నారు. అక్షరం తెలిసిన నాకు యంత్రం తెలియదు. యంత్రం తెలిసిన ఆయనకు అక్షరం తెలియదు. ఇద్దరమూ ఒకే పేటలో ఉంటున్నాము.

ఆనాటి నుండి, ఈ నగరంలో ప్రోగ్రామర్లు తమ సందేహాలు తీర్చుకొనే చోట్లు ఎలా ఏర్పడ్డాయో తెలుసుకోవాలనిపించింది. ఆ చరిత్రలో మనకు పనికివచ్చే పాఠం ఉంది.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగళూరులో తన కేంద్రాన్ని తెరిచింది. తరువాత ఎన్నో సంస్థలు వచ్చాయి, వేలాది ఇంజనీర్లు వచ్చారు. వారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. కానీ ఒక సంస్థలోని వాడు మరొక సంస్థలోని వాణ్ణి కలిసి “ఇది నాకు రావడం లేదు, నీకు వచ్చునా?” అని అడిగే అవకాశం ఉద్యోగంలో ఉండదు. ఆ చోటును ఉద్యోగం వెలుపలనే కట్టుకోవలసి వచ్చింది.

అటువంటి తొలి ప్రయత్నాలలో ఒకటి అతుల్ చిట్నిస్ 1980ల చివర బెంగళూరులో నడిపిన ‘సిక్స్’ అనే బులెటిన్ బోర్డు. అప్పటికి మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ లేదు. అది 1995 ఆగస్టు 15న గాని రాలేదు. బులెటిన్ బోర్డు అంటే ఒకరి కంప్యూటరుకు టెలిఫోను తీగ ద్వారా డయలు చేసి, అక్కడ ప్రశ్న వ్రాసి పెట్టడం. తరువాత డయలు చేసినవారు దానిని చదివి జవాబు వ్రాసేవారు. తీగ ఒక్కటే అయితే ఒకసారికి ఒక్కరికే ప్రవేశం. మన ఊరి రచ్చబండ వంటిదే గాని, వంతులవారీగా కూర్చోవలసిన రచ్చబండ.

ఇంతలో ప్రపంచంలో మరొక మార్పు వచ్చింది. 1991 ఆగస్టులో ఫిన్లాండులోని లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అందులో ఏమేమి ఉండాలో చెప్పమని ఒక చర్చాబృందంలో అడిగాడు. అదే తరువాత లినక్స్ అయింది. 1996లో పీసీక్వెస్ట్ మాసపత్రిక తన పాఠకులకు లినక్స్ గల సీడీని సంచికతో పాటు అందించింది. ఆ పత్రికలో చిట్నిస్ పాత్ర ముఖ్యమైనది. సీడీ చేతికి వచ్చింది గాని, దానిని కంప్యూటరులో ఎక్కించడం సులభం కాలేదు. ఒకరికి తెర రాదు, మరొకరికి మోడెము పలకదు. అడగడానికి మనుషులు కావాలి. బెంగళూరు లినక్స్ యూజర్ గ్రూపు వంటి బృందాలు పెరగడానికి ఆ అవసరమే కారణం.

ఆ బృందం వారు 2001లో ‘లినక్స్ బెంగళూరు’ పేరిట ఒక సమావేశాన్ని ఏర్పాటు చేశారు. అది 2005లో ‘ఫాస్ డాట్ ఇన్’ అయి, 2012 దాకా సాగింది. మొదట్లో ప్రసంగాలు ఎక్కువ. రాను రాను కలిసి కూర్చుని పని చేయడానికి ప్రాధాన్యం పెరిగింది. అతుల్ చిట్నిస్ 2013లో మరణించారు. పైథాన్ భాష ప్రోగ్రామర్లు ‘బ్యాంగ్‌పైపర్స్’ అనే బృందంగా ఏర్పడ్డారు. 2009లో తొలి ‘పైకాన్ ఇండియా’ సమావేశం ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో జరిగింది.

ఇటువంటి బృందాల పద్ధతి గమనించదగినది. ప్రశ్న అందరి ఎదుట అడగాలి, చాటున కాదు. అడిగేవాడు తాను అంతవరకు ఏమేమి ప్రయత్నించాడో చెప్పాలి. జవాబు కూడా అందరి ఎదుటనే రావాలి, భద్రంగా నిలవాలి. అప్పుడు రేపు అదే చిక్కులో పడినవాడు మళ్ళీ అడగనక్కరలేదు. ప్రశ్న అడిగినవాడు చిన్నవాడు కాడు. జవాబు పొందినవాడు కొన్నాళ్ళకు జవాబు చెప్పేవాడు అవుతాడు.

ఇక తెలుగు సంగతికి వద్దాము. కంప్యూటరు మీద మన అక్షరాలు నిలబడడంలో ఇటువంటి బృందాల పాత్ర పెద్దది. 1990లలో విదేశాలలోని తెలుగువారు అంతర్జాల చర్చాబృందాలలో కలుసుకొనేవారు. తెలుగు అక్షరాలు లేవు గనుక రోమను లిపిలోనే తెలుగు వ్రాసేవారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ గార్లు దానికి ఒక క్రమం ఏర్పరచారు. అదే ఆర్.టి.ఎస్. తరువాత వెన్న నాగార్జున గారు ‘పద్మ’ను తయారు చేశారు. అప్పట్లో ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఖతి. ఆ ఖతి లేకపోతే పుట అంతా గజిబిజి. ‘పద్మ’ వాటిని యూనీకోడులోకి మార్చేది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఆద్యులు కూడా ఆయనే. ‘పద్మ’ ప్రోగ్రాము అందరికీ తెరిచి ఉంచినది గనుకనే, దాని ఆధారంగా 2006లో వీవెన్ గారు ‘లేఖిని’ని అందించగలిగారు. ఒకరు కట్టిన మెట్టు మీద నిలబడి మరొకరు తరువాతి మెట్టు కట్టారు.

కన్నడంలోనూ ఇదే జరిగింది. 1998లో శేషాద్రివాసు గారు ‘బరహ’ను విడుదల చేశారు. అది తరువాత తెలుగుకూ పనికివచ్చింది. బెంగళూరు పిల్లలకు చెప్పదగిన ముచ్చట మరొకటి ఉంది. యూనీకోడులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. 3072 నుండి 3199 వరకు తెలుగుకు కేటాయించారు. 3200 నుండి కన్నడం. తెలుగు ‘క’ సంఖ్య 3093. దానికి 128 కలిపితే 3221, అది కన్నడ ‘క’. అకారానికైనా మకారానికైనా ఇదే లెక్క. ‘ఇస్కీ’ అనే భారతీయ ప్రమాణపు వరుసనే రెండింటికీ పాటించడం దీనికి కారణం. ఒకనాడు ఒకే లిపిగా ఉండి విడివడిన రెండు లిపులు అక్కడ కూడా పక్క పక్క ఇళ్ళలోనే ఉన్నాయి.

ఇంతకూ నా దంత్య చకారం సంగతి ఏమిటి? 1991లో వెలువడిన తొలి యూనీకోడులోనే తెలుగు ఉంది. కానీ దంత్య చకార జకారాలు, అంటే ‘ౘ’, ‘ౙ’, 2008లో 5.1 వెర్షనులో గాని చేరలేదు. నకారపొల్లుకు ప్రత్యేక స్థానం 2021లో 14వ వెర్షనులో వచ్చింది. బాలవ్యాకరణం చదివిన ప్రతి ఉపాధ్యాయునికి తెలిసిన అక్షరాలు యంత్రంలోకి రావడానికి పదిహేడేళ్ళు, ముప్పయ్యేళ్ళు పట్టాయి. యూనీకోడులో ఒక అక్షరం చేరాలంటే ఎవరో ఒకరు ప్రతిపాదన వ్రాయాలి, ఆ అక్షరం అచ్చులో ఎక్కడ వాడబడిందో నమూనాలు చూపాలి. ఆ నమూనాలు మన బీరువాలలోని పాత పుస్తకాలలోనే ఉన్నాయి. మనల్ని ఎవరూ అడగలేదని ఎంచడం తేలిక. మనమూ వెళ్ళి చెప్పలేదు.

అందుచేత నా మనవి ఒక్కటే. ఈ నగరంలో తెలుగు నేర్పేవారు, ప్రోగ్రాములు రాసే తల్లిదండ్రులు ఒక చోట చేరాలి. అయిదుగురితో మొదలైనా చాలు. మనం అడగవలసినవి లేకపోలేదు. చిన్నపిల్లలు చదవగలిగేటట్లు ఒత్తులు స్పష్టంగా కనబడే ఖతి ఏది? పదాలను మన వర్ణక్రమంలో అమర్చడం ఎలాగు? బండి ‘ఱ’ ఆ వరుసలో ఎక్కడికి రావాలి? మొదటి ప్రశ్నకు వారు జవాబు చెబుతారు. చివరి ప్రశ్నకు మనం చెప్పాలి. జవాబులు అందరికీ కనబడే చోట వ్రాసి ఉంచాలి. భారం ఒక్కరి మీదనే పడకుండా వంతులు వేసుకోవాలి.

ఆనాటి తండ్రి తరువాతి వారమే వచ్చి, ‘ౘ’కు 3160 అనే సంఖ్య ఉన్నదని, దానిని చూపగల ఖతి దొరికిందని చెప్పి, నా కంప్యూటరులో ఎక్కించి వెళ్ళారు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, “ఇంతకూ దీనిని ఎలా పలకాలి మాస్టారూ?” అని అడిగారు. పలికి చూపించాను. పక్కనే ఉన్న వాళ్ళ అబ్బాయి తండ్రి కంటే ముందే పట్టుకున్నాడు.