కళ్ళు తిరుగుతున్నాయి

ఆస్టిన్‌లో మధ్యాహ్నం రెండయింది. టెక్సాస్ యూనివర్సిటీ వెల్చ్ హాల్ కెమిస్ట్రీ ల్యాబ్. గాగుల్స్ ఒత్తుకుని నీ ముక్కు మీద గాడి పడింది. ఎదురుగా రెండు చిన్న సీసాలు. మూత తీసి, వాసనని చేత్తో నీ వైపు విసురుకుంటావు. మొదటిది పుదీనా. రెండోది పీల్చగానే ఒక్క క్షణం హైదరాబాద్‌లో అమ్మమ్మ వంటింట్లో ఉంటావు. బిర్యానీలో వేసే షాజీరా! రెండూ కార్వోన్ అనే పదార్థమే. పరమాణువులు అవే, బంధాలు అవే. ఒకటి కుడిచెయ్యి అనుకుంటే రెండోది ఎడమచెయ్యి, అంతే తేడా. ఆ తేడాని ముక్కు ఇట్టే పట్టేసింది.

బ్యాగు భుజాన వేసుకుని, ఎండలో పెద్ద పెద్ద అంగలు వేస్తూ బెనెడిక్ట్ హాల్‌కి బయల్దేరతావు. మూడింటికి స్పానిష్ క్లాసు. 120 క్రెడిట్లకి డిగ్రీ చేతికొస్తుంది గానీ, నీ లెక్క అది దాటేలా ఉంది. దారిలో అమ్మ ఫోను.

"డాక్టరు కావాలనుకునే పిల్లవి, నీకు స్పానిష్ ఎందుకే? ఆ టైములో మెడికల్ ఎంట్రన్సు ఎమ్‌క్యాట్‌కి చదువుకోవచ్చుగా."

"ప్రీమెడ్ అంటే మేజరు కాదమ్మా. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు అన్నీ చేస్తున్నానుగా. పైన ఏ మేజరు తీసుకున్నా మెడికల్ స్కూళ్ళకి అభ్యంతరం లేదు. అయినా ఎమ్‌క్యాట్‌లో 90 నిమిషాలు, 53 ప్రశ్నలు ఉత్త చదివి అర్థం చేసుకోవడమే."

అమ్మ ఊరుకుంటుంది. అసలు కారణం అది కాదని నీకు తెలుసు.

క్లాసులో బోర్డు మీద ఒకే మాట: ఇంతొక్సికాదొ. 1980లో ఫ్లోరిడాలో విల్లీ రమీరెజ్ అనే 18 ఏళ్ళ కుర్రాడు స్పృహ లేకుండా ఆసుపత్రికి వచ్చాడు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళు ఈ మాటే అన్నారు. వాళ్ళ వాడుకలో దానికి అర్థం తిన్నదో తాగినదో పడలేదని. వైద్యులకి మాత్రం అది ఇంగ్లీషులోని 'ఇంటాక్సికేటెడ్'లా, మత్తుమందు ఎక్కువైనట్టు వినిపించింది. ఆ వైద్యమే చేశారు. మెదడులో రక్తస్రావం అవుతోందని తెలిసేసరికి రెండు రోజులు దాటింది. కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి.

నీకు ల్యాబ్‌లోని రెండు సీసాలు గుర్తొస్తాయి. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు మాటలు. ఇక్కడ తేడా పట్టే ముక్కు ఆ గదిలో ఎవరికీ లేకపోయింది.

అమ్మమ్మ కూడా గుర్తొస్తుంది. పోయిన వేసవిలో ఇక్కడికొచ్చినప్పుడు డాక్టరు దగ్గర "కళ్ళు తిరుగుతున్నాయి బాబూ" అంది. పక్కనున్న తమ్ముడు మాటకి మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఆ డాక్టరు టార్చి తీసి ఆవిడ కనుగుడ్లు పరీక్షించాడు. తమ్ముడికి పదమూడేళ్ళు, తప్పు వాడిది కాదు. రోగి మాటని ఇంట్లో పిల్లల నోటికి వదిలేయడం తప్పు.

టెక్సాస్‌లో నాలుగో వంతుకు పైగా జనం ఇంట్లో మాట్లాడేది స్పానిష్. శనివారం ఉచిత క్లినిక్‌లో నువ్వు వాలంటీరువి. అనువాదం చేసే అర్హత నీకింకా లేదు. అందుకే నోరు మెదపకుండా గోడవార నిలబడతావు. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని "మారెయాదా" అంటుంది. ఆ మాట పుట్టింది సముద్రంలోంచి. ఓడలో ఊగినట్టు అన్నమాట. కళ్ళు తిరిగినా అదే, కడుపులో తిప్పినా అదే.

శిక్షణ పొందిన దుబాసీ తొందరపడదు. డాక్టరు ప్రశ్నల్ని ఒక్కొక్కటే ఆవిడ భాషలో అడుగుతుంది. గది గిర్రున తిరుగుతోందా? వాంతి వచ్చేలా ఉందా? కళ్ళకి చీకట్లు కమ్ముతున్నాయా? మొదటిది చెవి లోపలికి, రెండోది పొట్టకి, మూడోది రక్తపోటుకి దారి తీయొచ్చని నువ్వు బయాలజీలో చదివావు. ఏ దారిన వెళ్ళాలో చెప్పాల్సింది ఆవిడే.

పెద్దావిడ ఆలోచిస్తుంది. కుర్చీ పట్టుకుని లేచినట్టు చేసి చూపిస్తుంది. పొద్దున్నే మంచం దిగగానే అంతా చీకటి అంటుంది.

డాక్టరు బీపీ పట్టీ అందుకుంటాడు. ఆవిడని పడుకోబెట్టి ఒకసారి చూస్తాడు. తర్వాత నువ్వు చెయ్యందించి మెల్లగా లేపి నిలబెడతావు.