ఇనుము దాక్కున్న చోటు

మనూరు, నారాయణఖేడ్ వైపు చేలగట్ల మీద నల్లరాళ్లకు కొదవ లేదు. దక్కన్ లావా పరుచుకున్న నేల అది. అక్కడి బసాల్టు బరువుగా ఉంటుంది, లోపలి మాగ్నటైటు వల్ల అయస్కాంతానికీ కాస్తో కూస్తో స్పందిస్తుంది. ఆకాశం నుంచి పడ్డ రాయికి ఉంటాయని జనం చెప్పుకునే గుర్తులు ఇవే కదా! అంచేత రంగు, బరువు, అయస్కాంతం చూసి తేల్చే వ్యవహారం కాదిది. రాయిని పగలగొట్టి లోపల ఏ ఖనిజాలున్నాయో చూడాలి. ఆ చూపు మొదలైంది 1802లో, అదీ మన దేశంలో పడ్డ రాయి సాయంతో.

1798 డిసెంబరులో కాశీ దగ్గర క్రాఖుత్‌లో రాళ్లు కురిశాయి. వాటిలో కొన్ని లండన్ చేరి, ఎడ్వర్డ్ హోవర్డ్ అనే రసాయనవేత్త చేతిలో పడ్డాయి. టాబోర్ (బొహీమియా, 1753), సియెనా (ఇటలీ, 1794), వోల్డ్ కాటేజ్ (ఇంగ్లండ్, 1795) రాళ్లను కూడా సంపాదించి పక్కపక్కన పెట్టాడాయన. ఆకాశం నుంచి రాళ్లు పడతాయంటే చాలామంది పండితులు నవ్విన కాలం. హోవర్డ్ తెలివంతా రాయిని గుండగా నూరి ఒక్కసారే పరీక్షించకపోవడంలో ఉంది. ఫ్రాన్స్ విడిచి వచ్చిన ఖనిజవేత్త కౌంట్ ద బూర్నాన్ కూర్చుని ఒక్కో భాగాన్నీ విడదీశాడు: గుండ్రటి పలుకులు, లోహపు ఇనుప రేణువులు, గంధకం కలిసిన ఇనుప ఖనిజం, వీటన్నిటినీ పట్టి ఉంచే మట్టిలాంటి పదార్థం. హోవర్డ్ పరీక్షిస్తే ఇనుప రేణువుల్లో నికెల్ తేలింది. భూమి మీది రాళ్లలో నికెల్ కలిసిన లోహపు ఇనుము బహు అరుదు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు ఏళ్లలో పడ్డ రాళ్లు ఒకే తీరున ఉండటంతో నవ్వేవాళ్లు తగ్గారు. 1803లో ఫ్రాన్స్‌లోని లేగిల్‌లో వేల రాళ్లు పడ్డాక నోళ్లు పూర్తిగా మూతపడ్డాయి.

ఆ గుండ్రటి పలుకులే కాండ్రూల్స్. వాటిని బట్టి 1863లో బెర్లిన్‌లో గుస్తావ్ రోజ్ ఈ రాళ్లకు కాండ్రైట్లని పేరు పెట్టాడు. పేరు బాగానే ఉంది, కానీ పడే రాళ్లలో అధికభాగం అవే అయినప్పుడు వాటిలో వాటికి తేడా ఎలా? తర్వాతి తరం తెల్లవి, బూడిదవి, నల్లవి, చారలున్నవి అంటూ విభజించుకుంటూ పోయింది. నన్నడిగితే అది వర్గీకరణ కాదు, వర్ణన.

దారి చూపింది బ్రిటిష్ మ్యూజియం ఖనిజవేత్త జార్జ్ ప్రయర్. గంధకంతో కలిసింది పక్కన పెడితే, ఈ రాళ్లలో ఇనుము రెండు చోట్ల ఉంటుంది: విడి లోహంగా కొంత, ఆక్సిజన్‌తో కలిసి ఆలివిన్, పైరాక్సిన్ ఖనిజాల్లో కొంత. లోహం తగ్గేకొద్దీ మిగిలిన లోహంలో నికెల్ శాతం పెరుగుతుందనీ, ఆ ఖనిజాల్లో ఇనుమూ పెరుగుతుందనీ 1916లో ఆయన చెప్పాడు. నికెల్ కన్నా ఇనుమే ముందు ఆక్సిజన్‌తో జతకడుతుంది. అంతే మర్మం.

1953లో హెరాల్డ్ యూరే, హార్మన్ క్రెయిగ్ పాత రసాయన విశ్లేషణలన్నీ ముందేసుకుని, నమ్మదగనివి పక్కన పెట్టారు. మిగిలినవి రెండు కుప్పలుగా విడిపోయాయి: మొత్తం ఇనుము దాదాపు 28 శాతం ఉన్నవి, దాదాపు 22 శాతం ఉన్నవి. ఇనుము ఎక్కువున్న హెచ్, తక్కువున్న ఎల్ వర్గాలు అలా పుట్టాయి. 1963లో బ్రయాన్ మేసన్ ఎక్స్-రేలతో ఒక్క ఆలివిన్‌నే కొలిచి పని సులువు చేశాడు. ఆ మరుసటి ఏడాది క్లాస్ కైల్, కర్ట్ ఫ్రెడ్రిక్సన్ ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ కింద పెట్టి చూస్తే లోహం మరీ తక్కువగా ఉన్న మూడో వర్గం, ఎల్ఎల్, స్పష్టంగా విడివడింది. ఆలివిన్‌లో ఇనుప భాగం హెచ్‌లో సుమారు 16–20 శాతం, ఎల్‌లో 21–25, ఎల్ఎల్‌లో 26–32. తమాషా ఏమిటంటే, హోవర్డ్ బల్ల మీది నాలుగు రాళ్లలో టాబోర్ హెచ్, వోల్డ్ కాటేజ్ ఎల్, కాశీ, సియెనా రాళ్లు ఎల్ఎల్. మూడు వర్గాలూ 1802లోనే ఆయన ముందున్నాయి. టాబోర్ రాయిలో ఇనుప రేణువులు ఎక్కువని బూర్నాన్ గమనించాడు కూడా.

వర్గం పక్కన అంకె 1967లో వచ్చింది. తల్లి గ్రహశకలంలో రాయి ఎంత వేడికి గురైందో వాన్ ష్మూస్, వుడ్ అంకెలతో సూచించారు. మామూలు కాండ్రైట్లలో 3 అంటే కాండ్రూల్స్ చెక్కుచెదరలేదని, 6 అంటే చుట్టూ ఉన్నదానిలో దాదాపు కలిసిపోయాయని.

ఈ లెక్కన, 1852 జనవరి 23న నెల్లూరు సీమలో పడ్డ రాయి ఇప్పుడు హెచ్5. అదే తేదీన, 1870లో, ఉత్తరాంధ్ర నెడగొల్లలో పడింది మాత్రం ఇనుప ఉల్క, ఈ లెక్కకు రాదు. 1934 నాటి తిరుపతి రాయి హెచ్6. మనూరు నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1928 సెప్టెంబరు 29న, అదే రాజ్యంలోని పర్భణీ జిల్లా నావోకిలో పడిందీ హెచ్6 రాయే. వీటన్నిటికన్నా ముందు, 1814లో పడ్డ రాయి చిత్తూరు సీమ గుర్రంకొండది: ఎల్6. అందులో మ్యూజియాల్లో మిగిలింది కొద్ది గ్రాములే. అయినా ఇబ్బంది లేదు. మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందాన అరగదీసిన ఒక్క పలుచటి బిళ్ల చాలు, ఆలివిన్‌లో ఇనుమెంతో చెప్పడానికి.