ఇస్తాంబుల్‌లో అచ్చయిన తొలి గ్రంథం

ఉస్మానీ సామ్రాజ్యంలో సీసపు అక్షరాలు కూర్చి అచ్చువేసిన మొట్టమొదటి గ్రంథం ఏది? అది దివ్య ఖుర్‌ఆన్ కాదు, హదీసు సంకలనమూ కాదు. హిబ్రూ భాషలోని యూద ధర్మశాస్త్రం. దాని పేరు 'అర్బా తూరీమ్', అనగా నాలుగు వరుసలు.

జర్మనీలో జన్మించి, తండ్రి వెంట స్పెయిన్‌లోని తులైతులా (టొలెడో) చేరిన యాకూబ్ బిన్ ఆషేర్ 14వ శతాబ్దంలో దీనిని రచించాడు. ప్రార్థనలు, పండుగలు మొదటి భాగం. ఆహారంలో ధర్మసమ్మతమైనవి, నిషిద్ధమైనవి రెండవది. వివాహం, విడాకులు మూడవది. లావాదేవీలు, న్యాయవిచారణ నాలుగవది. ఖమ్మంలోనైనా హైదరాబాదులోనైనా 'హిదాయా' చదివిన విద్యార్థికి ఈ విషయాలేవీ కొత్తగా తోచవు. బైతుల్ మఖ్దిస్‌లోని ఆలయం నశించినందున ఆచరణలో లేకుండాపోయిన విధులను ఆయన వదిలివేశాడు. బ్రతికి ఉన్న సమాజానికి అవసరమైన చట్టమే ఆయనకు ముఖ్యం.

1492 జనవరిలో గర్నాతా (గ్రెనడా) పతనమైంది. మార్చి 31న యూదుల బహిష్కారపు ఫర్మానా వెలువడింది. బంగారం, వెండి, నాణేలు వెంట తీసుకుపోరాదని ఆంక్ష. అయితే చేతిలోని పనిని ఎవరు జప్తు చేయగలరు? సుల్తాన్ రెండవ బాయజీద్ ఏలుబడిలో ఆశ్రయం పొందిన దావూద్, షమూయేల్ ఇబ్ను నహ్మియాస్ అనే సోదరులు ఇస్తాంబుల్‌లో ముద్రణాలయం పెట్టి, 1493 డిసెంబరు 13న (హిజ్రీ 899) ఈ గ్రంథాన్ని ముగించారు. బహిష్కారం జరిగి రెండేళ్లయినా కాలేదు గనుక ఈ తేదీ అచ్చుతప్పేమోనని కొందరు పండితులు శంకించారు. కాగితాన్నీ అక్షరాల అచ్చునూ పరీక్షించిన తరువాత 1493 సరియైనదేనని తేలింది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే గర్నాతా కూడలిలో అరబీ గ్రంథాలను గుట్టలుగా పోసి తగులబెట్టారు.

మరి ఆశ్రయమిచ్చిన వారి గ్రంథాలు ఎప్పుడు అచ్చయ్యాయి? ముద్రణను సుల్తాన్ నిషేధించాడని తరచుగా చెబుతారు గాని, ఆ ఫర్మానా మూలప్రతి ఇంతవరకు లభించలేదు. నెపాన్ని లేఖకుల మీదనో ఉలమాల మీదనో త్రోసివేయడం సులభం. చేతివ్రాత ప్రతిపై, గురువు ఎదుట చదివి పొందిన ఇజాజత్‌పై సమాజానికున్న నమ్మకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇబ్రాహీం ముతఫర్రిఖాకు 1727లో అనుమతి లభించింది, అదీ ధార్మిక గ్రంథాలను మినహాయించి. 1729లో వెలువడిన ఆయన తొలి ముద్రణ ఒక నిఘంటువు. నహ్మియాస్ సోదరుల గ్రంథానికి అప్పటికి 236 ఏళ్లు.

ఇక ఖమ్మం ప్రాంతం అంతర్భాగంగా ఉన్న నిజాం రాజ్యంలో దాయిరతుల్ మఆరిఫ్ 1888లో ఏర్పడింది. ఇబ్ను హజర్ 'తహ్జీబుత్ తహ్జీబ్', బైహఖీ 'అస్సుననుల్ కుబ్రా' వంటి గ్రంథాలు చేతివ్రాత ప్రతులలోనుండి వెలికివచ్చి, హైదరాబాదు అచ్చులో అరబ్బు దేశాల పండితుల బల్లల మీదికి చేరాయి.